డాక్టరమ్మ గొంతు

ఫ్యాను ఆపేశాక స్టూడియోలో ఊపిరాడదు. అలాగని ఆపక తప్పదు, దాని చప్పుడు మైకులో పడుతుంది. చిలక తన చెప్పులు గుమ్మం బయట వదిలి, చేతి గడియారం తీసి సంచిలో వేసి, కాగితాలను బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి పరుచుకుంది. మైకు ముందు కాగితం తిప్పితే వినేవాళ్లకు ఎండుటాకులు తొక్కినట్టు ఉంటుంది. రేడియో నాటకాల్లో ముసలమ్మలకూ రాణులకూ పసిపిల్లలకూ గొంతు ఇచ్చి ఇచ్చి ఇలాంటివన్నీ ఆమెకు అన్నం కలుపుకోవడమంత అలవాటైపోయాయి. ఎవరి గొంతైనా ఒక్కసారి వింటే దించేస్తుందని చిన్నప్పుడు అక్క పెట్టిన పేరు చిలక. రేడియో స్టేషనులోనూ అదే నిలిచిపోయింది.

అద్దం అవతల రికార్డింగు చూసే అతను వేలు పైకెత్తి "నిశ్శబ్దం" అన్నాడు. టీ కొట్టు దగ్గర నలుగురు గట్టిగా మాట్లాడినా అతను అదే మాట అంటాడు. అందుకని అతని పేరే నిశ్శబ్దం అయిపోయింది. ఎర్ర బల్బు వెలిగింది.

"నేను మీ డాక్టరమ్మను మాట్లాడుతున్నాను," అంది చిలక.

అసలు డాక్టరమ్మ ఒక మూల ఎత్తు పీట మీద కూర్చుని ఉంది. ఆమె రబ్బరు బూట్లకు మోకాళ్ల దాకా ఆరిన బురద. కళ్లు మూసుకుని వింటోంది కానీ పెదవులు మాత్రం చిలకతో పాటు కదులుతున్నాయి. రాసింది ఆమే. చదవడానికి మాత్రం గొంతు లేదు. ఎప్పుడో మెడకు ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆమె ఏం మాట్లాడినా గుడ్డ అడ్డం పెట్టుకుని మాట్లాడినట్టు బుస బుసమని వస్తుంది. వరద తగ్గిన మర్నాడు ఆమెనే నేరుగా మైకు ముందు కూర్చోబెట్టారు. నిశ్శబ్దం ఏ బటను తిప్పినా బుస పెరిగింది తప్ప మాట పెరగలేదు. ఊరంతా కరెంటు లేదు, టీవీలు చచ్చిపడి ఉన్నాయి, జనానికి ఉన్నదల్లా బ్యాటరీ రేడియోలు. ఆ రోజు ఫోను చేసిన వాళ్లందరూ "మీ రేడియో పాడైంది" అనే చెప్పారు. అప్పుడు డైరెక్టరు గారు నాటకాల గదిలోంచి చిలకను పిలిపించి, "రేపటి నుంచి నీది డాక్టరు వేషం," అన్నాడు.

"కుళాయి గొట్టాల్లోకి వరదనీళ్లు దిగాయి. ఆ నీళ్లు తాగకండి. మీ వీధికి ట్యాంకరు వస్తుంది. ఆ నీళ్లు పట్టుకోండి." కాగితం మీద ఉన్నది అంతే. చిలక ఒక్క క్షణం ఆగింది. నాటకంలో అయితే ఇక్కడ ఒక మాట ఉంటుంది. ఆ మాట లేకపోతే మనిషి కదలడు. తనకు తెలియకుండానే గొంతు ఇంకా మెత్తబరిచి అంది: "భయపడకండి. మీ బిడ్డకు నా చేత్తో నేనే పట్టిస్తున్నాననుకోండి."

ఎర్ర బల్బు ఆరిపోయింది. డాక్టరమ్మ కళ్లు తెరిచింది.

"ఆ చివరి ముక్క నేను రాయలేదు," అంది బుసగా.

"నోటికి వచ్చేసిందండీ. తీసేద్దామా?"

డైరెక్టరు గారు తలుపు తోసుకుని వచ్చాడు. "తీసెయ్యడమా! ఆ ఒక్క మాట కోసమే జనం ట్యాంకరు దగ్గర నిలబడతారు. నాకే కళ్లు చెమర్చాయి. డాక్టరుగారూ, మీరేమీ అనుకోకండి, మీరు రాస్తే మందు చీటీ రాసినట్టుంటుంది."

"మందు చీటీయే రాస్తాను. నాకు వచ్చిందదే." డాక్టరమ్మ లేచి నడుం పట్టుకుని కాసేపు నిలబడింది. "ట్యాంకర్లు కొండ కింది పంపు దగ్గరే కదా నింపుతున్నారు? మొన్న నేనే వెళ్లి చూశాను. నీళ్లు బాగున్నాయి. సరే, ఉండనివ్వండి. వార్డులో మంచాలు లేవు, నేను పోవాలి."

ఆ రికార్డింగు గంటగంటకూ వెయ్యమని డైరెక్టరు గారు చెప్పి వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు గోడకు జేరబడి, చెవి దగ్గర రేడియో పెట్టుకుని కూర్చుని ఉంది. చిలకను చూడగానే కాళ్లు బారజాపింది.

"రండి డాక్టరమ్మగారూ. ఈ మోకాళ్లు కాస్త చూసి పుణ్యం కట్టుకోండి."

"ఊరుకోండి అత్తయ్యా, ఎవరైనా వింటారు. బయట చెప్పొద్దన్నారు."

"ఎవరు వింటారే? పక్కింటావిడ ఇందాక వచ్చి ఏడ్చింది. 'ఎంత ప్రేమగా చెప్పిందండీ ఆ తల్లి' అని. ఆ తల్లి నిన్న మా ఇంట్లో అన్నం మాడబెట్టిందని చెబుదామనుకున్నాను, నోరు నొక్కుకున్నాను." నవ్వి, "ఆ చేత్తో పట్టించే ముక్క నువ్వు కలిపిందే కదూ?" అంది.

"ఎలా తెలిసింది?"

"డాక్టర్లు అలా మాట్లాడరే. చచ్చినా మాట్లాడరు."

ఆ సాయంత్రం అక్క ఫోను చేసింది. అక్క ఇల్లు వంతెన కింది వీధిలో. వరదలో అన్నిటికంటే ముందు మునిగింది ఆ వీధే, ఇంకా బురద తోడుకుంటున్నదీ ఆ వీధే. బావ సామాను ఎండబెడుతున్నాడట. పొయ్యిలోకి పుల్ల కూడా ఆరలేదట.

"ట్యాంకరు వచ్చిందే. కుస్తీ పట్టి రెండు బిందెలు తెచ్చుకున్నాను. పిల్లాడికి కాచి ఇద్దామంటే పొయ్యి రాజుకోదు. పోనీలే, డాక్టరమ్మ చెప్పింది కదా అని అలాగే పట్టించేశాను. మీ స్టేషనుకే వస్తుందటగా ఆవిడ? నువ్వు చూశావా?"

"చూశాను."

"ఎలా ఉంటుందే? ఆ గొంతు వింటుంటే నాకు మన అమ్మ గుర్తొచ్చిందే. జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి వేసి మాట్లాడేది చూడు, అచ్చం అలాగే. నేను రేడియో మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను తెలుసా, పిచ్చిదానిలా."

చిలక ఫోనును రెండో చెవికి మార్చుకుంది. డాక్టరు వేషానికి గొంతు వెతుక్కుంటూ ఆమె తీసుకున్నది అమ్మ గొంతే. పోయిన మనిషి గొంతు ఎవరికి గుర్తుంటుందిలే అనుకుంది.

"కాచి తాగండక్కా," అంది చివరికి. "పుల్లలు ఆరాక అయినా."

"నువ్వు చెప్పాలా నాకు? డాక్టరమ్మ చెప్పింది చాలు," అని అక్క నవ్వి ఫోను పెట్టేసింది.

*

రెండు రోజులు గడిచాయి. మూడో రోజు మధ్యాహ్నం డాక్టరమ్మ చెప్పకుండా వచ్చింది. ఎప్పుడూ కాగితాలు తెచ్చే మనిషి, ఈసారి సంచిలోంచి రెండు సీసాలూ ఒక చిన్న పరీక్ష మందు బుడ్డీ తీసి డైరెక్టరు గారి బల్ల మీద పెట్టింది. చిలకా నిశ్శబ్దమూ గుమ్మంలో నిలబడ్డారు.

"ఇవి మా ఆసుపత్రిలో క్లోరిన్ కలిపిన నీళ్లు." మొదటి సీసాలో చుక్కలు వేసింది. నీళ్లు లేత పసుపు రంగుకు తిరిగాయి. "ఇవి పొద్దున వంతెన కింది వీధికి వచ్చిన ట్యాంకరువి." చుక్కలు పడ్డాయి. సీసా ఊపింది. మళ్లీ వేసింది. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

"అంటే?" అన్నాడు డైరెక్టరు గారు.

"అంటే ఇందులో క్రిములను చంపే క్లోరిన్ లేదు. కొండ కిందికి దారి తెగింది. ట్యాంకర్లు రెండు రోజుల నుంచి ఊరి చివర రాళ్లు తవ్విన గుంటలో నింపుతున్నారు. ఊళ్లో మురుగంతా పోయి కలిసింది ఆ గుంటలోనే. డ్రైవరును అడిగితే దాచకుండా చెప్పాడు. ముందు ఆ రికార్డింగు ఆపండి."

"పైవాళ్లతో మాట్లాడాలి."

"మాట్లాడండి. ముందు ఆపండి."

"ఎలా ఆపుతానండీ? ట్యాంకర్లు ఏ పెద్దమనుషులవో మీకు తెలియదా? ఇప్పుడు వద్దంటే నిన్న ఎందుకు తాగమన్నారంటారు. మీ మాట మీదే కదా జనం నిలబడ్డారు. మీరే మాట మారిస్తే రేపు మిమ్మల్ని ఎవరు నమ్ముతారు?"

"నమ్మకపోతే పోనివ్వండి. తాగకపోతే చాలు."

వాళ్లు మాట్లాడుతుండగానే గోడ మీది చిన్న స్పీకరులో గంట మోగింది. ఆ వెంటనే, తేనెలో ముంచి తీసినట్టు: "నేను మీ డాక్టరమ్మను మాట్లాడుతున్నాను." చిలక తన గొంతునే వింటూ గోరుతో తలుపు చెక్క మీద పెచ్చు గీకుతూ నిలబడింది. "నా చేత్తో నేనే పట్టిస్తున్నాననుకోండి" అన్న దగ్గర డాక్టరమ్మ ఆమె వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటేనే నయమనిపించింది చిలకకు.

డైరెక్టరు గారికి ఫోను వచ్చింది. లేచి నిలబడి మాట్లాడాడు. పైవాళ్లు రమ్మన్నారట. "నేను వచ్చేదాకా ఎవరూ మైకు ముట్టుకోవద్దు," అని కారెక్కాడు.

నిశ్శబ్దం కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత స్టూడియోలోకి పోయి ఫ్యాను ఆపి వచ్చాడు. "నేను టీ తాగడానికి పోతున్నాను," అన్నాడు పైకప్పు వైపు చూస్తూ. "మైకు కట్టెయ్యడం మర్చిపోయినట్టున్నాను. ముసలితనం." అతనికి ఇంకా నలభై రాలేదు. టీకి పోకుండా అద్దం అవతల తన కుర్చీలోనే కూర్చుని మైకును నేరుగా ప్రసారంలోకి కలిపాడు. ఎర్ర బల్బు వెలిగింది.

డాక్టరమ్మ మైకును రెండు చేతులతో పట్టుకుని నోటికి ఆనించింది. "నేను డాక్టరును," అంది. మెడ నరాలు పొంగాయి. "ట్యాంకరు నీళ్లు తాగకండి. అవి మురుగు నీళ్లు. తాగిన వాళ్లకు విరేచనాలు అవుతుంటే ఆసుపత్రికి తీసుకురండి. ఆలస్యం చెయ్యకండి." అద్దం అవతల శబ్దం కొలిచే సూదులు కొంచెం లేచి మళ్లీ పడిపోతున్నాయి. నిశ్శబ్దం బటన్లన్నీ చివరిదాకా తోశాడు.

ఆమె ముగించకముందే ఫోన్లు మొదలయ్యాయి. చిలక తీసింది.

"ఎవరండీ ఆ గొంతు పట్టేసిన ఆయన?"

"డాక్టరమ్మ అండీ."

"మాకు తెలియదా డాక్టరమ్మ ఎవరో? రోజూ వింటున్నాం. ఆవిణ్ణి పిలవండి."

ఇంకో ఫోను. "ఎవడో మందు కొట్టి మైకు ముందుకొచ్చాడు, చూసుకోండి."

ఇంకొకటి, ఒక తల్లి: "నా చేత్తో పట్టిస్తానని ఆ తల్లి అంది. మధ్యలో పుల్లలు పెడతారా మీరు? మా నీళ్లు కూడా మాకు దక్కనివ్వరా?"

చిలక ఒక్కొక్కరికీ చెప్పింది. ఆవిడే, నిజంగా ఆవిడే. వాళ్లు నమ్మలేదు. తర్వాతి ఫోను అక్కది.

"చిలకా, పిల్లాడికి పొద్దున్నుంచి ఒకటే విరేచనాలే. కళ్లు లోపలికి పోయాయి. నీళ్లు పట్టిస్తూనే ఉన్నాను. ఇప్పుడే రేడియోలో ఎవరో ట్యాంకరు నీళ్లు వద్దంటున్నారు, అర్థం కావట్లేదే. నీకు తెలుసుగా, డాక్టరమ్మను ఒక్కసారి అడిగి చెప్పవే. ఆవిడ ఏం చెబితే అది చేస్తాను."

"అక్కా, ఆ నీళ్లు పారబొయ్యి. వాణ్ణి ఆసుపత్రికి తీసుకుపో. ఇప్పుడే."

"నువ్వు కాదే, ఆవిడ."

చిలక ఫోను బల్ల మీద పెట్టి స్టూడియోలోకి నడిచింది. చెప్పులు విడవడం కూడా గుర్తులేదు. డాక్టరమ్మ తప్పుకుని కుర్చీ ఇచ్చింది.

"నేను మీ డాక్టరమ్మను మాట్లాడుతున్నాను. ఇంతకుముందు మీరు విన్నది నిజం. ట్యాంకరు నీళ్లు పారబొయ్యండి. బిందెల్లో చుక్క కూడా ఉంచకండి. నేను మొన్న చెప్పింది తప్పు. ఒంట్లో బాగాలేని వాళ్లను వెంటనే తీసుకురండి. నేను ఆసుపత్రిలోనే ఉంటాను."

ఫోన్లు ఆగిపోయాయి. కాసేపటికి ఒక్కటి మోగింది. ఇందాకటి తల్లే. "అమ్మా, పారబోశాను," అంది.

*

మర్నాడు పొద్దున్నే డైరెక్టరు గారు చిలకను గదిలోకి పిలిచి తలుపు మూశాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు. కుర్చీ చూపించాడు.

"నీ అదృష్టం బాగుంది. నిన్న మైకులో మాట్లాడింది డాక్టరమ్మ అనే ఊరంతా అనుకుంటోంది. అనుకోనీ. నిశ్శబ్దాన్ని వేరే స్టేషనుకు పంపించేస్తున్నారు. నువ్వు మాత్రం కావాలి. ఆ గొంతుకు ఉన్న విలువ ఏ గొంతుకూ లేదు."

"డాక్టరమ్మగారు?"

అతను స్పీకరు వైపు చూశాడు. వార్తలు వస్తున్నాయి. ట్యాంకరు నీళ్లను పరీక్షించకుండానే సురక్షితమని ప్రచారం చేసి, ఆ తర్వాత అనుమతి లేకుండా జనాన్ని భయపెట్టినందుకు డాక్టరును విధుల నుంచి తప్పించినట్టు చదివారు. ట్యాంకర్ల గురించి ఇంకేమీ లేదు. గుంట గురించి అసలే లేదు.

"మొదటిది నేను కలిపిన మాట. రెండోదీ నేనే అన్నాను," అంది చిలక.

"రాసింది ఆవిడ. పేరు ఆవిడది. నువ్వు వేషం వేశావు. నాటకంలో చంపినవాడిని జైల్లో పెడతారా?" అతను తన జోకుకు తనే నవ్వాడు. "పో, ఆసుపత్రిలో మీ అక్క కొడుకును చూసుకో. సాయంత్రం కొత్త డాక్టరు రాసిస్తాడు."

ఆసుపత్రిలో మంచాలు చాలక వరండా పొడుగునా చాపలు వేశారు. గోడకు మేకులు కొట్టి సెలైన్ సీసాలు వేలాడదీశారు. ఎటు చూసినా మనిషి పక్కన ఒక గ్లాసు, గ్లాసులో ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు. కాచిన నీళ్లేనని, డాక్టరమ్మ దగ్గరుండి కాయించిందని ఒక నర్సు దారిపొడుగునా చెప్పుకుంటూ పోతోంది. అక్క కొడుకు మంచం మీద పడుకుని ఉన్నాడు. పెదవులు ఎండిపోయాయి కానీ లోపలికి పోయిన కళ్లు మళ్లీ పైకొచ్చాయి. చిలకను చూసి బొటనవేలు ఎత్తి చూపించాడు. ఆమె వంగి వాడి తల నిమిరింది.

"గండం గడిచిందన్నారు," అంది అక్క. ఏడ్చి ఏడ్చి ఆమె ముఖం ఉబ్బి ఉంది. "ఆ చివరి మంచం పిల్లకు గడవలేదే. తెల్లారేసరికి పోయింది. వాళ్లమ్మ మా వీధే. నాతో పాటే ట్యాంకరు దగ్గర నిలబడింది."

చివరి మంచం మీద దుప్పటి కూడా లేదు. తడిపి తుడిచిన రబ్బరు గుడ్డ ఒక్కటి పరిచి ఉంది. చిలక అటు చూసి తల తిప్పుకోబోయింది, తిప్పుకోలేకపోయింది.

అప్పుడే డాక్టరమ్మ వచ్చింది. ఒంటి మీద తెల్ల కోటు లేదు. వెళ్లిపోతూ కూడా ఒక్కో మంచం దగ్గరా ఆగి, నాడి చూసి, గ్లాసు అందిస్తోంది. ఆ బుస గొంతు విని అక్క నర్సును అడిగింది: "ఎవరావిడ?"

"అదేంటమ్మా, డాక్టరమ్మ. రేడియోలో చెప్పేది ఆవిడే."

అక్క లేచి నిలబడింది. చిలక చెయ్యి పట్టుకోబోతే విదిలించి డాక్టరమ్మ ఎదుటికి పోయింది.

"నువ్వా? ఆ గొంతు నీదా? రేడియోలో తేనె పూసుకుని మాట్లాడతావా? నీ చేత్తో పట్టిస్తానన్నావే! ఏవి నీ చేతులు, చూపించు! ఆ పిల్లకు పట్టించినవి చూపించు!"

వరండా అంతా ఇటు తిరిగింది. ఒకామె "సిగ్గులేదు" అంది. ఎవరో ఉమ్మేశారు. డాక్టరమ్మ రెండు చేతులూ పక్కన వేలాడేసి నిలబడింది. "తప్పయిందమ్మా," అంది. "బాబుకు గంటకోసారి ఈ నీళ్లు పట్టించడం మానకు. కోపం నా మీద ఉంచు, నీళ్ల మీద చూపించకు."

"అక్కా," అంది చిలక. "ఆవిడ కాదు. ఆ మాట నాది. ఆవిడ రాయలేదు, నేను కలిపాను. రేడియోలో మాట్లాడింది నేను."

"నువ్వూరుకోవే. మీ స్టేషను వాళ్లందరూ ఒకటే. ఆవిణ్ణి వెనకేసుకొస్తావా? నా బిడ్డ కంటే ఎక్కువా ఆవిడ నీకు?"

డాక్టరమ్మ చిలక వైపు చూసి, ఎవరికీ కనబడనంత మెల్లగా, వద్దన్నట్టు తల ఊపింది. చిలక ఆ ఖాళీ మంచం వైపు చూసింది. గుండె నిండా గాలి పీల్చుకుంది. తర్వాత గొంతు దించి, మెత్తబరిచి, ఆ డాక్టరు గొంతుతోనే మాట్లాడింది.

"నేను చెప్పేది విను తల్లీ. రేడియోలో మీరు విన్న మనిషిని నేనే. నేను డాక్టరును కాను. నాటకాలు వేసుకునేదాన్ని."

చాపల మీద వాళ్లు మోచేతుల మీద లేచారు. కొందరి ముఖాలు మొదట వెలిగాయి, ఆ గొంతు విన్నందుకు. తర్వాత మాట అర్థమై, వెలుగు అలాగే ఆరిపోయింది. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చిలకను పైనుంచి కిందికి చూసింది, ఎవరో తెలియని మనిషిని చూసినట్టు. "అమ్మ గొంతే దొరికిందా నీకు?" అంది. మంచం మీద పిల్లాణ్ణి అవతలి వైపుకు జరిపి, మధ్యలో తను కూర్చుంది.

"ఎందుకు చెప్పావమ్మా?" అంది డాక్టరమ్మ. చిలకకు ఒక్కదానికే వినబడింది. "నన్ను ఎలాగూ పంపించేశారు. ఆ గొంతు ఒక్కటీ మిగలనిస్తే జనం దాని మాటైనా వినేవాళ్లు కదా."

దగ్గరి చాప మీద ఒక తాత, పొద్దున్నుంచి మారాం చెయ్యకుండా గుటక గుటకగా నీళ్లు తాగుతున్నవాడు, చేతిలో గ్లాసు వైపు చూశాడు. సగానికి పైగా ఉంది. అందులోకి ముక్కు పెట్టి వాసన చూశాడు.

"అయితే ఇది కూడా నాటకమేనా?" అన్నాడు.

గ్లాసు నేల మీద పెట్టేశాడు. ఆ పక్క చాప మీద ఆమె కూడా పెట్టేసింది. ఆ తర్వాత వరండా పొడుగునా, ఒకటొకటిగా, గ్లాసులు నేలకు తగిలిన చప్పుడు.

డాక్టరమ్మ మోకాళ్ల మీద కూర్చుని తాత గ్లాసు చేతిలోకి తీసుకుంది. "తాగు తాతా. నేను కాయించాను. ఇది నిజం," అంది. గొంతు పెంచబోయింది. మెడ నరాలు పొంగాయి, మాట మాత్రం రెండో చాప దాకా కూడా పోలేదు.

తాత గోడవైపు తిరిగి పడుకున్నాడు.